మోచేతులు లేని ముసలామె

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నిద్ర పట్టలేదని అబద్ధం ఆడను, బాగానే నిద్రపోయాను. కానీ ఎవరైనా నా కార్టూన్లు చూసి, ఆ చేతులు ఎంత బాగా గీస్తారండీ అన్నప్పుడల్లా గుండెమీద ఏదో బరువుగా వచ్చి కూర్చునేది. ఇన్నేళ్ళు దాన్ని మోశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి.

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్త రోజులు. మాది సౌకార్‌పేటలో మిరపకాయల టోకు వ్యాపారం చేసే ఇల్లు. ఆడపిల్ల బొమ్మల కాలేజీకి వెళ్ళడమే ఇంట్లో పెద్ద గొడవ. చదువయ్యాక ఎంత తిరిగినా ఉద్యోగం దొరకలేదు. "దీపావళి దాకా చూస్తా. ఆమీట వచ్చి కొట్లో కూర్చో," అనేశాడు నాన్న.

అప్పుడే మైలాపూరులో టీవీకి కార్టూన్లు తీసే ఒక చిన్న స్టూడియోకి ఆర్టిస్టు కావాలని తెలిసింది. ఒక్కరే కావాలి. నా బొమ్మలు పట్టుకుని వెళ్ళాను. స్టూడియో యజమాని ఓపిగ్గా చూశాడు. ఎముకలు, కండలు, కొలతలు అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. కానీ నా మనుషులు ఫొటో దిగడానికి నిలబడినట్టున్నారట. అతనికి పరిగెత్తే బొమ్మలు కావాలట. చెయ్యి సాగితే సాగనీ, ఒళ్ళు వంగితే వంగనీ, కొలతలు తర్వాత చూసుకుందాం అన్నాడు. ఇంకో వారం గడువిచ్చాడు.

మా మేడమీది వాటాలో వసంత ఉండేది. నాకంటే చిన్నది. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తనూ అదే ఉద్యోగానికి వెళ్ళబోతోందని, మర్నాడు మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని మా ఇంటికి దిగి వచ్చినప్పుడే నాకు తెలిసింది.

"అక్కా, నువ్వు కాలేజీలో చదివినదానివి. ఒళ్ళు సరిగ్గా కుదిరిందా సూసి చెప్పు. సుమ్మా ఊరికే బాగుండాదని అనొద్దు. తప్పుంటే తప్పనే చెప్పు."

మొదటి కాగితం మీద కూరలమ్మే ముసలామె బస్సు వెనక పరిగెడుతోంది. మెడ లేదు. చేతులు తాళ్ళలా గాల్లో సాగిపోయాయి, ఎక్కడా మోచెయ్యన్నదే లేదు. అయినా బస్సు తప్పిపోతుందన్న ఆమె భయమంతా ఆ చేతుల్లోనే ఉంది. స్టూడియో అతను అడిగిన బొమ్మ ఇదే. అది నాది కాదు.

"మోచెయ్యి యాడుంది వసంతా?" అన్నాను.

"ఆమె పరిగెత్తతా ఉండింది కదక్కా. గీసేటప్పుడు మోచెయ్యి గుర్తే రాలా."

"గుర్తు రాకపోతే ఎట్లా? ముందు ఎముకలు గీయి. వాటిమీద కండ పెట్టు. మోచెయ్యి నడుం దగ్గరికి రావాల. మెడ కనపడాల. ఇట్లా తీసుకపోతే ఆడ నవ్వతారు."

"అయితే అన్నీ మళ్ళీ గీయాలా?"

"అన్నీ."

వసంత ముఖం చిన్నబోయింది. కాసేపటికి తనే నవ్వింది. "నువ్వుండబట్టి సరిపోయింది. లేకపోతే ఆడ నా పరువు పోయుండును," అంది.

నేను అబద్ధం చెప్పానా? నేను చెప్పిన ప్రతి మాటా కాలేజీలో నాకు నేర్పినదే. ఎవరినైనా అడగండి, మోచెయ్యి నడుం దగ్గరికే వస్తుంది. ఇన్నేళ్ళూ ఈ ఒక్క సమాధానంతోనే నన్ను నేను కాపాడుకున్నాను, ఆ స్టూడియోలో విన్న మాట ఆమెకు ఎందుకు చెప్పలేదని లోపలినుంచి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆ మోచేతినే అడ్డం పెట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదు? చెబితే ఉద్యోగం ఆమెకే వస్తుంది. అంతే. అంతకన్నా పెద్ద కారణం లేదు.

ఇంకొకటుంది. ఇది చెప్పడం కష్టం. ఆమె మేడెక్కి వెళ్ళగానే నేను పెన్సిలు తీశాను. కళ్ళముందు ఇంకా కదులుతున్న ఆ చేతిని నా బొమ్మలకు పెట్టాను. పోస్టుమేన్‌కి, పిల్లాడికి, పోలీసుకి. వారం తిరిగేసరికి నా మనుషులు పరిగెత్తారు.

వసంత బొమ్మలు చూసి, పుస్తకం ముందు పెట్టుకుని గీశావా అన్నాడట స్టూడియో అతను. ఉద్యోగం నాకొచ్చింది. ఆమె మళ్ళీ పెన్సిలు పట్టలేదు. ఒక స్కూలు ఆఫీసులో పనికి కుదిరింది. ఆమె బాధగా ఉందని చెబితే, మీకూ నాకూ సులువయ్యేది. అట్లా ఏమీ లేదు. ఒక పెళ్ళిలో కనిపించినప్పుడు నన్ను తన కూతురికి చూపించి, "అందరూ బాగుండాదనే అనిరి. నిజం చెప్పింది ఈ అక్క ఒకతే," అంది. నేను తల ఊపి, అన్నం కలుపుకున్నాను.

పశ్చాత్తాపం ఉందా అని అడుగుతారు. నాకు దొరికిన బతుకు నాకు ఇష్టం. కొట్లో మిరపకాయల ఘాటులో కూర్చున్న నన్ను ఊహించుకుంటే, ఆ మధ్యాహ్నం మళ్ళీ వచ్చినా మళ్ళీ అదే చెబుతానని అనిపిస్తుంది. మంచిదాన్ని కాదనుకోండి. అనుకోండి, నాకేం? ఆమె దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకోను. ఆమె క్షమించినా తీసుకోను, దానికి బదులుగా నేను ఇవ్వగలిగేది ఏమీ లేదు.

కానీ ఆ గీత నాది కాదు. వసంతది. నాకు పేరు తెచ్చిన ప్రతి చెయ్యీ ఆమెదే. ఇదిగో, నోరు తెరిచి అన్నాను.