ఎడమ చెంప మీద గాటు

ఫెర్లాక్ ఊళ్ళో తుపాకీ చెయ్యని ఇల్లు లేదంటే అబద్ధమే గానీ, ఎగిడ్ ప్లాంక్ మెచ్చకుండా అమ్ముడుపోయిన తుపాకీ లేదంటే మాత్రం నిజం. నలభై ఏళ్ళుగా వేటగాళ్ళ సంఘం తరఫున తుపాకీలు పరీక్షించి మాట చెప్పేది ఆయనే. ఆయన బాగుందంటే బాగున్నట్టు. లేదన్నాడా, చేసినవాడు నలుగురిలో తలెత్తుకోలేడు. పోయినేడు తన ప్రాణస్నేహితుడు కొలొమన్ చేసిన తుపాకీని కూడా, "పొద్దు వాలితే గురి తప్పుతోంది" అని పక్కన పెట్టేశాడు. నా చేతిలో పనితనం పోయిందని కొలొమన్ పనిముట్లన్నీ కూతురికి అప్పజెప్పి, ఆ చలికాలమే పోయాడు. స్నేహితుడని కూడా చూడలేదు, ఎంత నిక్కచ్చి మనిషో అని ఊరు ఎగిడ్‌ను ఇంకాస్త మెచ్చుకుంది.

ఈ ఏడు ఆ కూతురు బుర్గి ఒక పొట్టి తుపాకీ చేసి తెచ్చింది. బుల్‌పప్ అంటారు. గుండు పేలే చోటు ట్రిగ్గర్‌కి వెనకాల, సరిగ్గా చెంప దగ్గర ఉంటుంది. అందుకే ఇరుకు మంచెల మీద తిప్పడానికి హాయి. ఎగిడ్ సరేనంటే సంఘంలో అందరూ దాన్నే కొంటారు. కాదంటే బుర్గి కొలిమి ఆరినట్టే.

పట్టపగలు ఎండలో కాగితం మీద ఐదు గుండ్లు కాల్చాడు. ఐదూ ఒక నాణెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. రెండు వందల గుండ్లు పేల్చినా ఒక్కటీ ఇరుక్కోలేదు. ఇక మిగిలింది వేట.

సాయంత్రం ఒక్కడే మంచె ఎక్కాడు. జింక వచ్చింది. ఎగిడ్ కుడి కంటికి మాత్రం పాలపొరే కనిపించింది. వెలుగు తగ్గితే ఆ కన్ను పనికిరాక రెండేళ్ళవుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపటి నుంచి తన మాట ఎవరడుగుతారు? ఎడమ కంటితో గురి చూసి, ఎడమ భుజాన పెట్టి కాల్చడం ఈ మధ్యే దొంగచాటుగా నేర్చుకున్నాడు. అలాగే కాల్చాడు. గుండు జింక వీపు మీదుగా పోయింది. ఎప్పట్లాగే కుడి పక్కకి ఎగిరిన ఖాళీ తూటా, ఇప్పుడు అటే ఉన్న ఎడమ చెంపను కాలుతూ వచ్చి చీరింది. రెండోసారి ఆ దెబ్బకు జడిసి కళ్ళు మూసుకుని నొక్కాడు. జింక కాలు విరిగి, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది.

దిగి వచ్చి బుర్గితో ఏమన్నాడనుకున్నారు? "పొద్దు వాలితే గురి తప్పుతోందమ్మా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!

తెల్లవారగానే జింకను వెతకడానికి ఎగిడ్ ఈడు వేటగాడు రూపెర్ట్ తన కుక్క హెలాను తీసుకొచ్చాడు. తన తప్పేమిటో చూసుకుందామని బుర్గి కూడా వచ్చింది.

"చెంపకేమైందిరా?" అన్నాడు రూపెర్ట్.

"గడ్డం గీసుకుంటుంటే తెగింది."

"పెళ్ళినాటి గడ్డం అలాగే ఉంది, దేన్ని గీశావురా నువ్వు!"

రూపెర్ట్ నవ్వాడు. బుర్గి తలొంచుకుని నడుస్తోంది.

హెలా వాగు ఒడ్డున జింకను పట్టింది. దానికింకా ప్రాణం ఉంది. రూపెర్ట్ దాని బాధ తీర్చి, ఒక దేవదారు రెమ్మ విరిచి నెత్తుటిలో ముంచి, తన టోపీ మీద పెట్టి ఎగిడ్‌కి అందించాడు. వేటగాళ్ళ ఆచారంలో ఆ మర్యాద జింకను కొట్టినవాడిది. అందులో ఒక ముక్క విరిచి, జింకను పట్టిచ్చిన కుక్క మెడపట్టీకి పెట్టాలి.

"రాత్రంతా ఎంత యాతన పడిందో పాపం" అంది బుర్గి. "అంతా నా చేతిపని వల్లే, బాబాయ్. నాన్నలాగే నేనూ పనిముట్లు పక్కన పెట్టేస్తాను."

ఎగిడ్‌కి తల కొట్టేసినట్టయింది. వంగి, రెమ్మ మొత్తం హెలా మెడపట్టీలో దోపాడు.

"నీ వాటా ఏదిరా?" అన్నాడు రూపెర్ట్.

"నాకు వాటా లేదు." చెంప బుర్గి వైపు తిప్పాడు. "చూడమ్మా. ఎడమ భుజాన పెట్టి కాల్చాను. నీ తుపాకీలో ఏ లోపమూ లేదు. పోయింది నా కుడి కన్ను. రెండేళ్ళయింది. సంఘంలో కూడా ఇదే చెబుతాను."

తుపాకీ చేసిన మనిషి కదా, ఆ గాటు ఎలా పడిందో బుర్గికి చూడగానే తెలిసింది. ఆమె ముఖం విచ్చుకుంది. అంతలోనే వాడిపోయింది.

"రెండేళ్ళా?" అంది. "మరి నాన్న తుపాకీని ఏ కంటితో చూశావు బాబాయ్?"

ఎగిడ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.