అక్క వేసిన తోటలు

మా అక్క ఒడిశా బరంపురంలో ఒక బళ్లో డ్రాయింగు టీచరుగా చేసేది. పెళ్లి చేసుకోలేదు. మా ఆయన పోయాక నేను ఆమె దగ్గరికే చేరాను.

పాత పుస్తకాల కొట్లో ఆమెకొక బొమ్మల పుస్తకం దొరికింది. అన్నీ ఒక స్పెయిన్ చిత్రకారుడు వేసిన తోటలే. సున్నం గోడలు, విరగబూసిన గులాబీలు, నీళ్ల తొట్టి పక్కన ఖాళీ బెంచీ. ఆరుబయట కూర్చుని, వెలుతురు మారేలోగా గబగబా రంగులద్దే ఫ్రాన్సు ఇంప్రెషనిస్టుల పద్ధతి ఆయనకూ అబ్బిందని అక్క చెప్పేది.

"సూడే, నీడలో నలుపన్నదే ఎయ్యలేదు. నీలం, ఊదా. దగ్గరకెల్తే ఒట్టి మరకలు. దూరంగా నిలబడితే ఎండ!"

అప్పట్నుంచి మా పెరడే ఆమెకు స్పెయిన్. మందారాలు, నందివర్ధనం, గోడవార కాగితంపూలు. పొద్దున్నే బొమ్మలేసే స్టాండు వేసుకుని కూర్చునేది. నేను టీ తీసుకెళితే, ఎండకి అడ్డం తప్పుకోమని కసిరేది.

కొన్నాళ్లకి ఆమె బొమ్మల్లో ఎరుపు బురద రంగుకి తిరిగింది. అదీ ఒక పద్ధతే అనుకున్నాను. సుగరు కళ్లను తినేస్తోందని మాకు తెలియలేదు. కంటి డాక్టరు చూసి, "డేరి హోయిగలా" అన్నాడు, ఆలస్యమైపోయిందని. ఒడియా మా ఇద్దరికీ వచ్చు. అయినా ఆటోలో అక్క నా చెయ్యి పట్టుకుని, "ఏటన్నాడే?" అని అడిగింది.

చూపు పూర్తిగా పోయాక కూడా ఒక ఉదయం స్టాండు వేయించింది.

"మందారం కింద నీడ ఏ రంగులో ఉందే?"

"నల్లగా ఉందక్కా."

"నలుపు కాదే. బాగా సూడు."

ఎంత చూసినా నాకు నలుపే. చివరికి నీలం అన్నాను. వేసింది. తర్వాత ఆకులు, గోడ, ఆకాశం, ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఎలా ఉందని అడిగితే, టీ పెట్టుకొస్తానన్నాను. ఆమె తడి రంగుమీద అరచేయి ఆనించి, మెల్లగా కిందిదాకా తుడిచేసింది.

"నువ్వు సెప్పలేవు, నాను ఎయ్యలేను. తీసెయ్యే."

ఆ చెయ్యి నేనే కిరసనాయిలుతో కడిగాను.

ఇప్పుడు ముందు గదిలో గోడవైపు తిరిగి కూర్చుంటుంది. పొద్దెక్కగానే, "తలుపు ముయ్యే, ఎండ మొహమ్మీద పడతంది" అంటుంది. మూసేస్తాను. ఆమె మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పెరట్లోకి వెళ్లి, బకెట్టు చప్పుడవకుండా మొక్కలకి నీళ్లు పోసి వస్తాను.