వన్స్‌మోర్ అనొద్దని నాన్నను బతిమాలాను

మా నాన్న రేపల్లెలో బడిపంతులు. పద్యనాటకమంటే ఆయనకు ప్రాణం. తెనాలిలో మంచి నాటకం ఉందంటే చాలు, నన్ను వెంటబెట్టుకుని రైలెక్కేవాడు. నచ్చిన పద్యానికి హాల్లో అందరికంటే ముందు ‘వన్స్‌మోర్’ అని కేక వేసేది ఆయనే.

పందొమ్మిది వందల అరవైల చివర, ఒక ఆదివారం తెనాలిలో మధ్యాహ్నం ఆట. రాజు వేషం మా ఇద్దరికీ ఎంతో ఇష్టమైన నటుడిది. తెర లేవకముందు మంచినీళ్ల కోసం హాలు వెనక్కి వెళ్లాను. సగం రంగు పూసుకున్న ముఖంతో ఆయన బల్ల మీద కూర్చుని, అడిగినవాటికి చేత్తోనే జవాబు చెబుతున్నాడు. గొంతు వాచిందని, డాక్టరు పాడొద్దన్నా, జనం వచ్చేశారంటూ వినడం లేదని హార్మోనిస్టు నాతో మెల్లగా అన్నాడు.

పరుగున వచ్చి నాన్నకు చెప్పాను. “ఇవాళ వన్స్‌మోర్ అనొద్దు నాన్నా” అని బతిమాలాను. సరేనన్నాడు గాని, పద్యం వింటుంటే ఆయనకు ఒళ్లు తెలియదు.

రెండో అంకంలో రాజు యుద్ధానికి పోతూ భార్య దగ్గర సెలవు తీసుకునే పద్యం వచ్చింది. ఆఖరి రాగం పైకి లేచింది. గొంతు ఎక్కడ తెగుతుందోనని నాన్న వైపు జరిగాను. తెగలేదు. నాన్న సగం లేచాడు. చొక్కా పట్టుకుని లాగితే కూర్చున్నాడు. కాని వెనక వరసల్లోంచి వన్స్‌మోర్ కేకలు మొదలయ్యాయి. రాజు నమస్కరించి మళ్లీ అందుకున్నాడు. మూడో పాదంలో గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. హార్మోనియం ఒక్కటే ఆ స్వరం మీద నిలిచి మోగుతోంది. ఎవరో ఈల వేశారు.

నాన్న లేచి జనం వైపు తిరిగాడు. “ఆయనకి గొంతు బాలేదండి. అయినా మనకోసం వచ్చారు. తర్వాతది కానివ్వండి” అన్నాడు.

కూర్చోమని ఎవరో కసిరారు. ఈలలు ఆగేదాకా నాన్న కూర్చోలేదు. స్టేజీ మీద రాజు హార్మోనిస్టుకు సైగ చేశాడు. శ్రుతి దిగింది. మిగిలిన ఆటంతా ఆయన కింది స్థాయిలో, దాదాపు మాట్లాడినట్టే పాడాడు. జనం కదలకుండా విన్నారు. నేనైతే ప్రతి పద్యానికీ భయపడుతూనే విన్నాను.

కొన్ని నెలలకు బాపట్లలో ఆయన నాటకం మళ్లీ చూశాం. గొంతు కుదుటపడింది గాని మునుపటి ఎత్తుకు పోలేదు. నాన్నకు అది వెలితిగా తోచింది. రాగంలో కొట్టుకుపోయే మాటలు నాకు మాత్రం అప్పుడే స్పష్టంగా వినబడ్డాయి. రేపల్లె చేరేదాకా ఆ సంగతి మీద ఇద్దరం వాదించుకుంటూనే ఉన్నాం.