నల్లతెరలో పై సగం, కింది సగం

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉద్యోగమంటే అద్దాల గది, చల్లటి ఏసీ, మెళ్ళో వేలాడే కార్డు అని మా వాళ్ళందరి నమ్మకం. నా ఉద్యోగం మాత్రం తిరుపతి రైల్వే స్టేషన్ వెనక వీధిలో, ఒక టిఫిన్ సెంటర్ మీది గదిలో. లాడ్జీలకు బిల్లులు వేసే ప్రోగ్రాములు అమ్మే చిన్న కంపెనీ అది. లాడ్జీల వాళ్ళు ఈమెయిల్లో పంపే ఫిర్యాదులు చదివి జవాబివ్వడం నా పని. (కింద పెనం మీద దోసె తిప్పినప్పుడల్లా పైన నా మనసు కూడా అటే తిరిగేది.)

మా సీనియర్‌ను అందరం 'నల్లతెరన్న' అనేవాళ్ళం. మౌసు పట్టుకునేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. ఈమెయిలు చూడ్డానికి కూడా బొమ్మలూ బటన్లూ లేని ఒక ప్రోగ్రామే వాడాలని ఆయన శాసనం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. ఆ తెరను అడ్డగీతతో రెండు ముక్కలు చేసి నాకు అప్పగించాడు. పై సగంలో వచ్చిన ఉత్తరాల వరస, కింది సగంలో మనం రాసే జవాబు. రాయాలంటే ముందు రెండు మీటలు కలిపి నొక్కి కింది సగంలోకి దిగాలి. దిగకుండా కొడితే ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ అయి కూర్చుంటుంది. 'డి' కొడితే ఆ ఉత్తరాన్ని చెరిపేయమని అర్థం. "యాడుండావో సూసుకుని కొట్టప్పా" అని ఆయన రోజూ చెప్పేవాడు. నేను రోజూ తలూపేవాణ్ణి.

అప్పుడే పాకాల నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకు వెళ్ళిన సాయంత్రం, అమ్మాయి నాయన (రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి) కాఫీలు ఏమయ్యాయో కనుక్కోవడానికి వంటింట్లోకి వెళ్తూ, అలవాటుగా ట్యూబులైటు ఆపేసి వెళ్ళాడు. మేమంతా చీకట్లో బొమ్మల్లా కూర్చుండిపోయాం. "నాయనా, లోపల మనుషులుండారు!" అని ఒక గొంతు వినిపించింది. ఆ గొంతులో నవ్వు ఉంది. లైటు వెలిగే లోపలే నాకు ఆ అమ్మాయి నచ్చేసింది. (ముఖం తర్వాత చూశాను. అదీ నచ్చింది.)

ఆ నాయనకు మాత్రం నా ఉద్యోగం మీద అనుమానం. "అబ్బాయి ఏం పని సేస్తాడో ఆఫీసుకు పోయి సూసినాకనే మాట ఇస్తాను" అని కబురు పెట్టి, ఒక ఉదయం నిజంగానే వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నల్లతెరన్న కాఫీకి కిందికి దిగి ఉన్నాడు. దిక్కు లేదు.

"ఏందప్పా, కంప్యూటర్ సెడిపోయి ఉండాదా? బొమ్మలేమీ లేవే!"

"సెడిపోలేదు మామా. పనిమంతులు వాడేది ఇట్లనే ఉంటాది" అన్నాను. (సంబంధం కుదరకముందే మామా అనేశాను. ఆత్రం.)

"అట్లనా! అయితే ఏందన్నా పని సేసి సూపించు."

ఇక నన్ను పట్టేదెవరు? ఒక లాడ్జీ ఆయనకు పొడుగాటి జవాబు మొదలుపెట్టాను. మీటలు చూడకుండా కొట్టడం నాకు రాదు కాబట్టి తల వంచి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో దడదడా బాదుతూ పోయాను. మధ్యమధ్య కంప్యూటర్ కీచుమంటోంది. నా వేగానికి అది కూడా ముచ్చటపడుతోందనుకున్నాను. తల ఎత్తేసరికి కింది సగం ఖాళీ. నేను అసలు కిందికి దిగనేలేదు. పై సగంలో మాత్రం ఉత్తరాల పక్కన వరసగా చెరిపేసే గుర్తులు పడి ఉన్నాయి.

తిరుపతి లాడ్జీల బాధలన్నీ నా వేళ్ళకింద నలిగిపోయాయి. ఇక ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు ఆ నవ్వే గొంతూ పోతుంది. ఎలాగైనా ఆ ప్రోగ్రాములోంచి బయటపడదామని ఏదో నొక్కాను. అది అడుగున ఒక ప్రశ్న వేసింది. చదివే ఓపిక ఎక్కడిది? కష్టం వస్తే ఎంటర్ కొట్టడం ఒక్కటే నాకు తెలిసిన వైద్యం. వేలు అటే పోతోంది.

"సాలప్పా, సూసినాను!" అని ఆయన లేచాడు. "ఎన్ని పనులకు టిక్కులు పెట్టేసినావు! మా ఆఫీసులో అయితే ఏడాది పట్టేది." ఆ మాట అంటూనే, "కరెంటు ఊరికే కాలుతా ఉండాది" అని గోడ మీది స్విచ్చు టక్కున ఆపేసి మెట్లు దిగిపోయాడు.

నల్లతెర నిజంగా నల్లబడింది. నల్లతెరన్న పైకి వచ్చేసరికి నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. సంగతి చెప్పాను. ఆయన మళ్ళీ కంప్యూటర్ ఆన్ చేశాడు. ఉత్తరాలన్నీ ఎక్కడివక్కడ, ఒక్క గుర్తయినా లేకుండా ఉన్నాయి.

"గుర్తు పెడితే పోవప్పా. బయటికి వచ్చేటప్పుడు 'చెరిపేయనా' అని అడుగుతాది, ఎంటర్ కొడితేనే పోయేది. నువ్వు కొట్టేలోపల కరెంటు తీసినాయన ఎవరో గాని, ఆయన కాళ్ళకు దండం పెట్టు."

పెట్టాను, పెళ్ళిపీటల మీద. అందరూ నా వినయానికి మురిసిపోయారు.

మామ ఇప్పటికీ చుట్టాలందరికీ "మా అల్లుడు కూర్చుంటే పని ఉండదప్పా, ఖాళీ అయిపోతాది" అని చెప్పుకుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు గనక నేను సరిదిద్దలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు, ఎండాకాలం నేను గదిలో పని చేసుకుంటుంటే, తలుపు దాటుతూ ఫ్యాను ఆపేసి పోతాడు. "నాయనా, లోపల మనిషుండాడు!" అని వంటింట్లోంచి అదే గొంతు, అదే నవ్వు. నేను మళ్ళీ ఫ్యాను వేయను. తల వంచుకుని, తానెక్కడున్నాడో చూసుకోకుండా బాదుకుంటూ పోయిన ఆ కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటూ, హాయిగా చెమటలు తుడుచుకుంటాను.