ఫోనులో లేని పుట్టిల్లు

రావులపాలెం దగ్గరి ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఇరవై మూడేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న సత్యకుమారికి, రెండువేల ఎనిమిదిలో, ప్రయోగాత్మకంగా ఒక సెల్‌ఫోను అప్పగించారు. ప్రతి గర్భిణి బరువు, రక్తపోటు నెలనెలా అందులో నమోదు చేసి పంపాలి. దానితో ఎవరికీ ఫోను చేసే వీలు మాత్రం లేదు. రిజిస్టర్లు తగ్గుతాయన్నారు గాని, ఒక్కటీ తగ్గలేదు. పగలు రిజిస్టరులో రాసినదే సాయంత్రం ఏటిగట్టెక్కి, సిగ్నలు అందినచోట నిలబడి, బటన్లు నొక్కి పంపడం ఆమెకు రెండో ఉద్యోగమైంది.

ఒక నెల, ఆ గర్భిణుల్లో ఒకరైన రాణిని చూడబోతే ఆమె ఇంట లేదు. తొలి కాన్పు, ఏడో నెలలోనే పుట్టింటికి వెళ్లింది.

"మొన్న మంచిరోజని వాళ్లమ్మొచ్చి తీసుకెళ్లిందండి, కొవ్వూరు అవతలకి," అంది అత్తగారు రత్తమ్మ.

"కాళ్లవాపు తగ్గిందా?"

"నీరేనండి. నాకూ పట్టింది, పోయింది. మీరు ఊరికే భయపెడతారు!"

కిందటి నెల రాణి రక్తపోటు నూటనలభై, తొంభై; అప్పటికే ఎక్కువ. ఆ అంకెలు ఫోనులో భద్రంగానే ఉన్నాయి. కాని ఆ పుట్టింటి ఊరు ఈ ఫోనులో లేదు. అక్కడి నర్సుకు ఈ అంకెలు కనబడవు.

మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు వెంకటరాజు ఫోనులో రాణి గడి ఖాళీగా ఉండటం చూసి నిట్టూర్చాడు.

"పాత అంకెలే కొట్టేయండమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"చూడని మనిషికి బీపీ ఎలా కొట్టమంటారండి?"

"అయితే 'చూడలేదు' అని పెట్టి నన్ను తిట్టించండి. మీకు పుణ్యముంటుంది!"

పాత అంకెలు పంపితే, రాణి క్షేమమని లెక్క. ఇక ఎవరూ ఆమెను వెతకరు. సత్యకుమారి 'చూడలేదు' అనే నొక్కింది.

మరునాడు ఆదివారం. మోకాళ్లు సలుపుతుండగా, బీపీ మిషను సంచిలో పెట్టుకుని రెండు బస్సులు మారి రాణి పుట్టింటికి వెళ్లింది. రాణి మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని ఉంది. నిన్నటి నుంచి తలపోటు.

"దిష్టండి. ఉప్పు తీశాను," అంది తల్లి.

సత్యకుమారి రెండుసార్లు చూసింది. నూట అరవై, నూటపది.

"ఆటో పిలవండి."

"చీర మార్చుకుని వస్తానండి," అంది రాణి.

"వద్దమ్మా. ఎక్కు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇంజెక్షను చేయించి, కాన్పయ్యేదాకా కదలడానికి వీల్లేదని చెప్పింది. పడుకున్న రాణి చేయి చాచి సత్యకుమారి కొంగు పట్టుకుంది.

"మీరుంటారాండి?"

తిరుగు బస్సుకు వేళైంది.  సత్యకుమారి పక్కనున్న స్టూలు మీద కూలబడి, చెప్పులు విడిచింది.