అవ్వ వేయించి పంపిన ఉలవలు

ఎమ్మెస్సీ చదివే ఆ రోజుల్లో నా అంత తెలివైనది కర్నూలు మొత్తమ్మీద ఇంకొకతె లేదని నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకొక్కదానికే ఉండేదని తర్వాత తెలిసింది.) ఇప్పుడు నేనే పిల్లలకు ప్రోటీన్ల పాఠం చెబుతున్నాను. చెబుతూ చెబుతూ ఒక చోట ఆగిపోతాను. కోడుమూరులో పొయ్యి ముందు కూర్చున్న మా అవ్వ గుర్తొస్తుంది. ప్రాణం ఉసూరుమంటుంది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మా సారు నాకు ఉలవలు అప్పజెప్పారు. పచ్చి ఉలవల్లో ఒక ప్రోటీను ఉంటుంది. పొడుగాటి దారం లాంటి ఆ ప్రోటీను ఒక పద్ధతిగా ముడుచుకున్నప్పుడు దాని మీద చిన్న చిన్న గుంటలు ఏర్పడతాయి. ఏ-గ్రూపు రక్తకణాల మీదుండే చక్కెర సరిగ్గా ఆ గుంటల్లో కూర్చుంటుంది. ఒక్కో ప్రోటీను ఒకటికి మించిన కణాలను పట్టుకోగలదు కాబట్టి, ఉప్పునీళ్లలో కలిపితే కణాలన్నీ గుంపుకట్టి ఎర్రటి గడ్డలవుతాయి. ఆ గడ్డలు చూపిస్తే గట్టెక్కినట్టే, లేకపోతే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే ఇంట్లో మళ్లీ చదివించరు. అంగట్లోవి ఏ కాలం నాటివో అని అవ్వకు ఫోన్ చేసి, మన చేలో ఉలవలు ఒక మూట పంపమన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్పినా ఆమెకేం అర్థమవుతుందిలే అనుకున్నాను.

మూట వచ్చింది. పొడి కొట్టి ఉప్పునీళ్లలో కలిపాను. నా వేలే గుచ్చుకుని (అదృష్టం కొద్దీ నాది ఏ-గ్రూపే) రక్తం కలిపాను. కణాలు దేనికవే తిరుగుతున్నాయి. ఉప్పు మార్చాను, నీళ్లు మార్చాను. నాలుగు రోజుల్లో పదివేళ్లకూ చిల్లులు పడ్డాయే గానీ ఒక్క గడ్డ కట్టలేదు. చివరికి సారు వచ్చి, మూటలోంచి నాలుగు గింజలు నోట్లో వేసుకుని తీరుబడిగా నమిలారు. "ఏమ్మా, వేయించిన ఉలవలతో ప్రయోగం చేస్తాండావే! శానా బాగుండాయిలే, ఇంకో పిడికెడు ఇటియ్యి," అన్నారు. వేడి తగిలితే ప్రోటీను ముడత విడిపోయి గుంటలు మాయమవుతాయని పరీక్షలో రెండు పేజీలు రాసొచ్చిన మేధావిని నేను. గదంతా కమ్మటి వాసన వస్తుంటే ఆకలి వేసిందే తప్ప అనుమానం రాలేదు.

కోపమంతా అవ్వ మీదికి మళ్లింది. "ఎవరు వేయించమన్నారు నిన్ను? నా చదువంతా నాశనం చేసినావు!" అని ఫోన్లో అరిచాను.

"పచ్చివి పంపితే పురుగు పడతాది కదమ్మా. ఆస్టల్లో చారు కాసుకుంటావేమో అనుకుంటి," అంది. మా ఇళ్లలో దూరాన ఉన్న పిల్లలకు పచ్చి ఉలవలు పంపరు. దోరగా వేయించి, చల్లార్చి, మూటకట్టి పంపుతారు. అది తెలిసి కూడా మారుమాట వినకుండా ఫోన్ పెట్టేశాను.

మర్నాడు మొదటి బస్సుకే పచ్చి ఉలవల సంచితో అవ్వ దిగింది. మధ్యాహ్నానికి ఎర్రటి గడ్డలు కట్టాయి! ఎగిరి గంతేసి, రెండు గాజుపలకలు పక్కపక్కన పెట్టి చూపించాను. "ఇవి పచ్చివి, కణాలను పట్టుకున్నాయి. అవి నువ్వు వేయించినవి, వేడికి రూపు చెడిపోయి పట్టుకోలేకపోయినాయి."

అవ్వ వంగి ఆ రెండో పలక వంకే చూసింది. "అట్లయితే వాటి చేతులు నేనే ఇరిసినానా పాపా?" అంది.

"అవును," అన్నాను, మహా శాస్త్రవేత్తను. ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని సాయంత్రం బస్సెక్కింది.

వేయించిన ఉలవలు పారేయలేదు. ఆ వారమంతా హాస్టల్లో వాటితోనే చారు కాచుకుని, స్నేహితురాళ్లమంతా గిన్నెలు ఊడ్చుకుని తిన్నాం. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా విద్యార్థులకు ఉలవలు నేనే అంగట్లో కొంటాను. (అంగటివైనా గడ్డలు చక్కగానే కడుతున్నాయి.) అన్నీ తెలిసిన ఆనాటి ఎమ్మెస్సీ అమ్మాయిని తలచుకుంటే నవ్వొస్తుంది. ప్రోటీను రూపు గురించి అవ్వకు అంత వివరంగా చెప్పిందే, చారు బాగుందని మాత్రం చెప్పనే లేదు.