కూలర్ కింది పిల్లి

ఇవాళ ఫరీదాబాద్‌లో ఒక దుకాణం ముందు కూలర్‌కి కొత్త గడ్డి బిగించి నీళ్లు పోస్తున్నారు. ఆ తడిగడ్డి వాసనకి నా కాళ్లు ఆగిపోయాయి. ఢిల్లీ మయూర్ విహార్ ఫ్లాట్లలో నాలాగే పెరిగిన మీకూ గుర్తుండే ఉంటుంది.

చిన్నప్పుడు అక్కడ మాది గ్రౌండ్ ఫ్లోర్. బాల్కనీలో కూలర్ కింద చల్లగా ఉంటుందని ఒక చారల వీధిపిల్లి వచ్చి పడుకునేది. వేసవి సెలవులంతా దానికి పెరుగన్నం పెట్టాను. నేను లోపలికి వెళ్తేగాని ముట్టేది కాదు. సెలవుల ఆఖరి రోజున తనంతట తానే వచ్చి నా ఒళ్లో పడుకుంది. కాళ్లు తిమ్మిరెక్కినా నేను కదల్లేదు.

మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి పిల్లి లేదు.

"పక్కింటి ఆంటీ వాళ్ల పాలు తాగేసిందట. గోనెసంచిలో పెట్టి, స్కూటర్ మీద యమున అవతల వదిలేసొచ్చా," అన్నారు నాన్న.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏడుస్తావని."

చెప్పకపోయినా ఏడ్చాను. తర్వాత ఎప్పుడు యమున దాటినా బస్సు కిటికీలోంచి దానికోసమే వెతికేదాన్ని.

ఇందాక ఉండబట్టలేక నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, నిజం చెప్పు. ఆ పిల్లిని సరిగ్గా ఎక్కడ వదిలావు?"

"అచ్ఛా... ఏ పిల్లి తల్లీ?" అన్నారు.

ఇన్నేళ్లు దాచుకున్న కోపాన్ని ఇప్పుడు ఎవరి మీద చూపించాలో మీరే చెప్పండి.